చెట్టు ఒకరిది.. రేటు మరొకరిది

గట్టు మీద నాలుగు టేకు మొక్కలో, ఎకరం సుబాబులో, సరుగుడు తోటో లేని ఊరు మన వైపు ఇప్పుడు వెతికినా దొరకదు. వేసేటప్పుడు ఉన్న రేటు కొట్టేటప్పుడు ఉండదన్న సంగతి మీకు కొత్తగా చెప్పనక్కర్లేదు. అందుకే ఈ వారం ఐరోపా దేశాల గట్టి కలప వ్యాపారం గురించి రాస్తున్నాను. ఎకరం, రెండెకరాల ఆసామికి ఫ్రాన్సు ఓక్ దుంగతో ఏం పని అని అడక్కండి. దుంగ అమ్మిన దేశం ఎంత సంపాదించింది, దాన్ని కోసి పలకలు చేసిన దేశం ఎంత సంపాదించింది, చెట్టు పెంచిన మనిషి చేతికి ఆఖరుకు ఎంత వచ్చింది.. ఈ తగాదా అక్కడ ఆరు వందల ఏళ్లుగా నడుస్తోంది. మన వరికీ ఉల్లికీ ఉన్న తగాదా కూడా ఇదే కదా.

ముందుగా ఒక మాట. అక్కడ గట్టి కలప అంటే ఆకు వెడల్పుగా ఉండి చలికాలంలో రాల్చే చెట్ల కలప. ఓక్, బీచ్, యాష్, బిర్చ్ అందులో ముఖ్యమైనవి. సూదుల్లాంటి ఆకులుండే పైన్, స్ప్రూస్ చెట్లది మెత్త కలప. ఇళ్ల దూలాలకు, కాగితానికి మెత్త కలపే ఎక్కువగా పోతుంది. కుర్చీ, బల్ల, నేల మీద పరిచే పలక, ద్రాక్షసారా పీపా, రైలు పట్టాల కింద స్లీపరు.. వీటికి గట్టి కలప కావాలి. మనకు టేకు, మద్ది ఎలాగో వాళ్లకు ఓక్ అలాగ.

విస్తులా నదిలో తెప్పలు

ఐరోపాలో పెద్ద ఎత్తున గట్టి కలప వ్యాపారం మొదలైంది బాల్టిక్ సముద్రం ఒడ్డున. 1400 తర్వాత పోలండు, లిథువేనియా అడవుల్లో ఓక్ చెట్లు కొట్టి, విస్తులా నదిలో తెప్పలు కట్టి, ఇప్పుడు గ్డాన్స్క్ అని పిలుస్తున్న డాంజిగ్ రేవుకు తెచ్చేవారు. అక్కడి నుంచి ఓడల్లో ఫ్లాండర్స్, హాలండు, ఇంగ్లండు చేరేది. చీల్చిన పలకలకు, పీపా చెక్కలకు గిరాకీ. ఆ కాలపు డచ్చి చిత్రకారులు బొమ్మలు వేసుకున్న చెక్క పలకలు కూడా ఇవే. ఇది ఎలా తెలిసిందంటారా? చెట్టు మొదట్లో ఏడాదికో వలయం పడుతుందని మీకు తెలుసు. వాన బాగా కురిసిన ఏడు వెడల్పుగా, కరువు ఏడు సన్నగా పడుతుంది. బొమ్మల పలకల వలయాలను లెక్కపెట్టి చూస్తే హాలండు, ఇంగ్లండు చెట్లతో పొసగలేదు, పోలండు చెట్లతో సరిగ్గా పొసిగాయి. 1650 ప్రాంతం వచ్చేసరికి ఆ సరుకు ఆగిపోయింది. దగ్గరి అడవుల్లో మంచి చెట్టు అయిపోయింది, దానికి తోడు యుద్ధాలు.

ఇక్కడ మీరు గమనించాల్సింది ఒకటుంది. హాలండులో చెప్పుకోదగ్గ అడవే లేదు. అయినా కలప వ్యాపారంలో లాభం తిన్నది హాలండే. 1594లో కార్నెలిస్ కార్నెలిస్జూన్ అనే ఆయన గాలిమరకు రంపం తగిలించి కోత మిల్లు కట్టాడు. ఇద్దరు మనుషులు రంపం లాగుతూ రోజుల తరబడి కోసేది గాలి కోసిపెట్టింది. ఆ తర్వాత నూరేళ్లు తిరిగేసరికి ఆమ్‌స్టర్‌డామ్ పక్కన జాన్ నది ఒడ్డున వందల కొద్దీ ఇలాంటి మిల్లులు. నార్వే దుంగ, బాల్టిక్ దుంగ, జర్మనీ నల్ల అడవుల నుంచి రైన్ నదిలో తేలుతూ వచ్చిన దుంగ అన్నీ అక్కడికే. కోసిన పలకతో వాళ్లే ఓడలు కట్టారు, ఆ ఓడల్లోనే మళ్లీ దుంగలు తెచ్చారు.

ఇంగ్లండులో మాత్రం చేతి రంపం వాళ్లు ఒప్పుకోలేదు. 1768లో లండన్ దగ్గర లైమ్‌హౌస్‌లో కట్టిన కొత్త కోత మిల్లు మీద వందలమంది కోతగాళ్లు పడి ధ్వంసం చేశారు. వాళ్ల కూలి పోతుందన్న బాధ న్యాయమైనదే. కానీ వాళ్లు మిల్లు పగలగొట్టినంత మాత్రాన హాలండులో మిల్లులు ఆగలేదు.

మరి పోలండులో చెట్టు కొట్టినవాడి సంగతి? అడవి జమీందారుది. కొట్టి, లాగి, తెప్ప కట్టినవాళ్లలో చాలామంది వెట్టి రైతులు. రేవులో ధర పెరిగినా తరిగినా వాళ్లకు ఒరిగింది ఏమీ లేదు.

ఓడల కోసం నాటితే పీపాలయ్యాయి

యుద్ధనౌక అంటే ఆ రోజుల్లో ఓక్ చెట్టే. 1765లో నీళ్లలోకి దించిన ఇంగ్లండు నౌక 'విక్టరీ' కోసం సుమారు 6,000 చెట్లు కొట్టారు, అందులో అత్యధికం ఓక్. ఒక్క ఓడకే ఇంత అడవి పోతే ఏ దేశానికైనా గుండె గుభేలుమంటుంది. ఫ్రాన్సు రాజు 14వ లూయీ దగ్గర మంత్రిగా ఉన్న కోల్బేరు 1669లో అడవుల చట్టం తెచ్చాడు. ట్రాన్సే అనే చోట పదివేల హెక్టార్లకు పైబడిన అడవిని నౌకల కోసం మళ్లీ పెంచే పని మొదలైంది. ఓక్ చెట్టు మంచి దుంగ కావడానికి 150 నుంచి 200 ఏళ్లు పడుతుంది. అవి చేతికొచ్చే వేళకు ఓడలు ఇనుముతో కడుతున్నారు. ఇప్పుడు ట్రాన్సే ఓక్ ఎందుకు పేరుపడిందో తెలుసా? ద్రాక్షసారా పీపాలకు. సన్నని వలయాలున్న ఆ చెక్క కోసం దేశదేశాల సారా వ్యాపారులు ఎగబడి కొంటారు.

స్వీడన్‌లోనూ ఇదే జరిగింది. విసింగ్సో అనే దీవిలో 1830ల నుంచి నౌకాదళం కోసం మూడు లక్షల దాకా ఓక్ మొక్కలు నాటారు. 1975లో 'మీరు చెప్పిన కలప తయారైంది' అని అటవీశాఖ నౌకాదళానికి కబురు పెట్టిందని చెబుతారు. నవ్వుకోవడానికి బాగుంటుంది గానీ, ఇందులో మనకు పనికొచ్చే విషయం ఉంది. చెట్టు పెరిగేలోపు దాని వాడకమే మారిపోవచ్చు. ఓక్ కాబట్టి, నిటారుగా ముడులు లేకుండా పెంచారు కాబట్టి ఇంకో గిరాకీ దొరికింది. కాగితపు మిల్లు తప్ప ఇంకెవరూ కొనని కర్ర వేస్తే ఆ అవకాశం ఉండదు. 1990ల్లో 'టేకు వేయండి, ఇరవై ఏళ్లలో లక్షలు' అని ఊరూరా కరపత్రాలు పంచిన కంపెనీల మాట మీకు గుర్తుండే ఉంటుంది. డబ్బు కట్టినవాళ్లలో ఎందరి చేతికి లక్షలు వచ్చాయో కూడా మీకు తెలుసు. నీరు పెట్టి తొందరగా లావెక్కించిన లేత టేకులో చేవ తక్కువ. అడితిలో రేటు చేవకే గాని, చెట్టు పేరుకు కాదు.

ఐరోపాలో ఓక్ కరువు మన అడవిని కూడా తాకింది. ఇంగ్లండు వాళ్లు మలబారు టేకుతో బొంబాయిలో యుద్ధనౌకలు కట్టించారు. 1817లో అక్కడ కట్టిన 'ట్రింకోమలీ' నౌక ఇప్పటికీ ఇంగ్లండులో నీళ్ల మీద తేలుతూనే ఉంది. అంతకు ముందే 17వ శతాబ్దంలో గోదావరి కలపతో నరసాపురం దగ్గర ఐరోపా వర్తకులు ఓడలు కట్టించుకునేవారు. ఆ తర్వాత 1864లో జర్మనీ వాడైన డీట్రిచ్ బ్రాండిస్‌ను అటవీశాఖకు మొదటి పెద్దగా తెచ్చారు. 1865లో అటవీ చట్టం, 1882లో మద్రాసు అటవీ చట్టం. మన్యంలో పోడుకూ, కట్టెపుల్లకూ అడ్డం పడిన చట్టం అదే. 1922లో అల్లూరి సీతారామరాజు వెంట గిరిజనులు నడవడానికి ఉన్న కారణాల్లో అదొకటి.

ముప్ఫయ్యారు కుర్చీలు ఒక పెట్టెలో

బీచ్ చెట్టుకు ఒకప్పుడు పెద్ద విలువ లేదు. వానకు తడిస్తే పుచ్చిపోతుంది, ఓడలకు పనికిరాదు. కట్టెలకూ బొగ్గుకూ వాడేవారు. మైకేల్ తోనెట్ అనే వడ్రంగి ఆవిరి పట్టిన బీచ్ కర్రను వంచే పద్ధతి కనిపెట్టాడు. 1850ల చివర్లో మొరావియాలో, అంటే ఇప్పటి చెక్ దేశంలో, బీచ్ అడవి పక్కనే కార్ఖానా పెట్టాడు. దుంగను వియన్నా పట్నానికి మోయలేదు, కార్ఖానానే అడవి దగ్గరకు తెచ్చాడు. 1859లో వచ్చిన ఆయన 14వ నంబరు కుర్చీలో ఆరు కర్రముక్కలు, పది స్క్రూలు, రెండు నట్లు. విప్పి సర్దితే ఒక ఘనపు మీటరు పెట్టెలో 36 కుర్చీలు పట్టేవి. 1930 నాటికి 5 కోట్ల కుర్చీలు అమ్మారు. కట్టెల రేటుకు పోయే చెట్టు, దేశదేశాల హోటళ్లలో కుర్చీ అయి కూర్చుంది. కూలి పని కూడా ఆ చుట్టుపక్కల పల్లెలకే దొరికింది.

దీనికి పూర్తిగా ఎదురు కథ క్రొయేషియాది. అక్కడ స్లావోనియా ప్రాంతపు ఓక్‌కు ఐరోపా అంతా పేరుంది. 19వ శతాబ్దం రెండో సగంలో ఫ్రాన్సు ద్రాక్షసారా వ్యాపారులకు పీపా చెక్కలు కావాల్సి వచ్చి ఆ అడవుల మీద పడ్డారు. రెండు మూడు వందల ఏళ్ల చెట్లను చీల్చి, చెక్కలు చేసి, ఓడల్లో ఫ్రాన్సుకు తరలించారు. ముప్ఫయి నలభై ఏళ్లలో పాత ఓక్ అడవిలో చాలా భాగం కరిగిపోయింది. పీపా ఫ్రాన్సులో తయారైంది, పేరు ఫ్రాన్సుకే వచ్చింది. క్రొయేషియాకు మొద్దులు మిగిలాయి.

అడ్డుకట్ట వేస్తే ఎవరికి లాభం?

ఇప్పటి కాలానికి వద్దాం. 1989 తర్వాత తూర్పు ఐరోపాలో కమ్యూనిస్టు ప్రభుత్వాలు కూలిపోయాయి. రుమేనియా, లాట్వియా, లిథువేనియా వంటి దేశాల్లో సర్కారు తీసుకున్న అడవులను పాత యజమానుల వారసులకు తిరిగి ఇచ్చారు. అడవి చేతికొచ్చింది గానీ ట్రాక్టరు లేదు, రంపం లేదు, రేటు ఎంతో తెలియదు. ఇంట్లో పెళ్లో జబ్బో వచ్చిన వాడు నిలువు చెట్లనే గుత్తకు అమ్మేశాడు. కొన్నది పొరుగు దేశాల పెద్ద మిల్లులు. ఇది చదువుతుంటే మన మామిడి తోటలు పూత మీదే గుత్తకు పోవడం గుర్తుకు రావడం లేదూ?

అప్పుడు ప్రభుత్వాలకు దొరికిన మందు ఒక్కటే.. దుంగల ఎగుమతి మీద నిషేధం. రష్యా 2007లో దుంగల ఎగుమతి సుంకాన్ని 6.5 శాతం నుంచి 20 శాతానికి, 2008లో 25 శాతానికి పెంచింది. ఉక్రెయిన్ 2015లో పదేళ్ల పాటు దుంగలు బయటకు పోకూడదని చట్టం చేసింది. బెలారుస్ 2016 నుంచి ఆపింది. క్రొయేషియా 2017లో 'ఓక్ ఆకులకు నల్లి పట్టింది, తెగులు పాకుతుంది' అని చెప్పి ఓక్ దుంగల ఎగుమతి నిలిపింది. ఇటలీలో నేల పలకల మిల్లుల వాళ్లు గగ్గోలు పెట్టారు. తెగులు నిజమే, ఆ పురుగు అమెరికా నుంచి వచ్చిందే. కానీ అది ఆకు మీద ఉండే పురుగు. దుంగను ఆపడంలో అసలు ఉద్దేశం ఇంట్లో మిల్లులకు సరుకు అందించడమేనని అందరికీ అర్థమైంది. ఐరోపా సంఘంలో ఉన్న దేశం పక్క సభ్యదేశానికి సరుకు ఆపడం ఆ సంఘం నిబంధనలకే ఎదురు.

ఉక్రెయిన్ వ్యవహారం మధ్యవర్తుల దాకా పోయింది. 2020 డిసెంబరులో తీర్పు వచ్చింది. వాల్‌నట్, చెర్రీ వంటి అరుదైన జాతుల మీద 2005 నుంచి ఉన్న నిషేధం చెట్లను కాపాడటానికే కాబట్టి సబబేనన్నారు. 2015 నాటి మొత్తం నిషేధం మాత్రం ఒప్పందానికి విరుద్ధమన్నారు. అడవిని కాపాడటానికి అయితే దేశం లోపల నరికేవాడిని కూడా ఆపాలి కదా, బయటకు పోయేదాన్ని మాత్రమే ఆపితే అది మిల్లును కాపాడటం అవుతుంది. ఈ తర్కం నాకు నచ్చింది. మన ప్రభుత్వాలకు కూడా ఎవరైనా చదివి వినిపిస్తే బాగుండును.

ఇక్కడ నా అభిప్రాయం సూటిగా చెబుతాను. నిషేధం మంచిదా చెడ్డదా అని అడిగే ముందు అడవి ఎవరిదో అడగాలి. ఉక్రెయిన్, బెలారుస్‌లలో అడవి సర్కారుది. పోలండులో, క్రొయేషియాలో ఎక్కువ భాగం సర్కారుదే. అక్కడ దుంగ రేటు పడితే నష్టం ఖజానాకు, లాభం మిల్లుకు, కొంత కూలికి. ఫ్రాన్సులో అలా కాదు. అడవిలో ముప్పాతిక భాగం ప్రైవేటు వాళ్లది. యజమానులు 30 లక్షలకు పైగా ఉన్నారు, వాళ్లలో మూడింట రెండు వంతుల మందికి ఉన్నది హెక్టారు లోపే. అంటే మన లెక్కలో రెండున్నర ఎకరాల కంటే తక్కువ. సన్నకారు అడవి రైతులన్నమాట!

ఆ ఫ్రాన్సులో ఏం జరిగిందో చూడండి. చైనా 1998 వరదల తర్వాత తన అడవుల నరికివేతకు కళ్లెం వేస్తూ వచ్చి, 2017 నాటికి సహజ అడవుల్లో వ్యాపారానికి చెట్టు కొట్టడం ఆపేసింది. చైనా ఫర్నిచరు మిల్లులకు దుంగ కావాలి, ఫ్రాన్సు ఓక్ కనిపించింది. పదేళ్లలో ఆ ఎగుమతి ఎన్నో రెట్లు పెరిగింది. ఫ్రాన్సు కోత మిల్లుల వాళ్లు 'మా నోట్లో మట్టి కొడుతున్నారు' అన్నారు. సర్కారు అడవుల ఓక్ కొనేవాళ్లు ఐరోపాలోనే కోయాలన్న షరతు 2015 నుంచి తెచ్చుకోగలిగారు. ప్రైవేటు యజమానులకు కూడా ఆ షరతు పెట్టమంటే వాళ్లు ఎదురు తిరిగారు. 'ఇన్నేళ్లకు మా చెట్టుకు రేటు వచ్చింది, ఇప్పుడు మీరు ఆపుతారా' అని. ఇద్దరి మాటలోనూ నిజముంది. మిల్లు మూతపడితే పల్లెలో పని పోతుంది, రేపు చైనా కొనడం ఆపితే యజమానికి వేరే గతి ఉండదు. అలాగని మిల్లు బతకడం కోసం రెండెకరాల ఆసామి తన దుంగను చవగ్గా ఇవ్వాలనడం ఏం న్యాయం? 2023 జూలైలో మన దేశం తెల్ల బియ్యం ఎగుమతి ఆపి 2024 సెప్టెంబరులో ఎత్తేసింది. పట్నంలో బియ్యం ధర పెరగకూడదన్న భారం ఎవరి భుజం మీద పడింది? వరి వేసినవాడి మీద కాదా?

ఫ్రాన్సులో ఇంకో వింత కూడా ఉంది. ఓక్ దుంగలు బయటకు పంపే ఆ దేశమే బల్లలు, కుర్చీలు, కాగితం బయట నుంచి తెచ్చుకుంటుంది. కలప సరుకుల్లో ఏటా ఏడెనిమిది వందల కోట్ల యూరోల లోటు. పత్తి అమ్మి చొక్కా కొనుక్కున్నట్టు.

రష్యా బిర్చ్, ఫిన్లాండ్ మిల్లు

సుంకం దెబ్బ ఎలా ఉంటుందో ఫిన్లాండ్ రుచి చూసింది. ఆ దేశపు కాగితం, ప్లైవుడ్ మిల్లులు సరిహద్దు అవతల నుంచి రష్యా బిర్చ్ తెచ్చుకునేవి. రష్యా సుంకం పెంచాక 2008లో సుమ్మా, కెమియార్వి అనే రెండు చోట్ల పెద్ద మిల్లులు మూతపడ్డాయి. సుంకం ఒక్కటే కారణం కాదు, కాగితం గిరాకీ కూడా తగ్గింది. కానీ పొరుగింటి చవక సరుకు మీద ఆధారపడ్డ మిల్లు ఎంత బలహీనమో తెలిసింది. 2022లో ఉక్రెయిన్ యుద్ధం తర్వాత ఐరోపా సంఘం రష్యా, బెలారుస్ కలపను పూర్తిగా నిషేధించింది. ఫిన్లాండ్‌కు రష్యా నుంచి ఏటా వచ్చే దాదాపు కోటి ఘనపు మీటర్ల కర్ర ఒక్కసారిగా ఆగింది. అప్పుడు సొంత దేశంలో బిర్చ్ ఉన్న చిన్న యజమాని రేటు పెరిగింది. అదే ఏడాది చలికి భయపడి హంగరీ, బోస్నియా కట్టెల ఎగుమతికి కూడా అడ్డం పడ్డాయి. ఇక నిషేధం పెట్టిన ప్రతిచోటా దొంగదారి తప్పదు. రష్యా బిర్చ్ ప్లైవుడ్ టర్కీ, కజకిస్తాన్ పేర్లతో వస్తోందని పట్టుకుని 2024లో ఆ రెండు దేశాల సరుకు మీదా సుంకం వేశారు.

పెరిగిన రేటు యజమాని దాకా ఎలా వచ్చిందన్నది మనకు ముఖ్యం. ఫిన్లాండ్‌లో, స్వీడన్‌లో చిన్న యజమానులు సంఘాలుగా ఉన్నారు. దక్షిణ స్వీడన్‌లో 1938లో పుట్టిన సోద్రా సంఘంలో 50 వేలకు పైగా సభ్యులున్నారు. ఫిన్లాండ్ మెత్సా సంఘంలో దాదాపు 90 వేలమంది. వీళ్ల వ్యాపారంలో మెత్త కలపే ఎక్కువ, బిర్చ్ కూడా ఉంది. కోత మిల్లులు, గుజ్జు మిల్లులు ఆ సంఘాల సొంతం. దుంగ రేటు పడిన ఏడు మిల్లుకు లాభం, అందులో వాటా సభ్యుడికి వస్తుంది. రేటు పెరిగిన ఏడు దుంగ మీదే వస్తుంది. ఎటు తిరిగినా డబ్బు ఇంట్లోనే తిరుగుతుంది. మన దగ్గర సంఘం అనగానే ఎన్నికలు, జెండాలు గుర్తుకొస్తాయి. సంఘం పేరుతో మునిగిన చక్కెర మిల్లులు మనం చూసినవే. అయినా పాల సంఘాలు కొన్ని నిలబడ్డాయి కదా, సుబాబుల్ రైతుల సంఘం ఎందుకు నిలబడదు? మిల్లు కట్టక్కర్లేదు. నలుగురూ కలిసి ఒక కాటా, ఒక చిన్న కోత రంపం పెట్టుకున్నా దళారీ మాట తీరు మారుతుంది.

జర్మనీలో ఇంకో మంచి పద్ధతి ఉంది. చలికాలంలో ఒక మైదానంలో ఊళ్ల నుంచి మేలిరకం దుంగలు తెచ్చి వరసగా పేరుస్తారు. ప్రతి దుంగకూ ఒక నంబరు. కొనేవాళ్లు వచ్చి ఒక్కొక్కటీ కొలిచి, కొసలు చూసి, ముడులు చూసి, చీటీలో రేటు రాసి కవరులో పెట్టి ఇస్తారు. ఎక్కువ రాసినవాడిదే దుంగ. ఒకటీ రెండూ దుంగలున్న చిన్న ఆసామి కూడా పెద్ద అడవి యజమాని పక్కనే తన సరుకు పెడతాడు. ముడి లేని ఓక్ దుంగను అర మిల్లీమీటరు పల్చటి పొరలుగా కోసి బల్లల పైన అతికిస్తారు, దానికి మామూలు దుంగ కంటే ఎన్నో రెట్ల ధర. అదే దుంగ మిగతా కర్రలో కలిపి లారీ లెక్కన అమ్మితే కట్టెల కింద పోయినట్టే. మన పొలంలో కూడా పది టేకు చెట్లుంటే రెండు మూడు మేలిరకంగా ఉంటాయి. వాటిని విడిగా పెట్టి విడిగా బేరమాడండి.

నర్సరీ మొక్క కూడా వ్యాపారమే

ఒక హెచ్చరిక. 1990ల మొదట్లో పోలండులో యాష్ చెట్లు కొసల నుంచి ఎండిపోవడం కనిపించింది. ఆసియా నుంచి వచ్చిన బూజు తెగులు అది. దేశం తర్వాత దేశం దాటింది. 2012లో ఇంగ్లండు నర్సరీలో బయటపడింది. ఇంగ్లండు గింజను హాలండు పంపి, అక్కడ మొలిపించి, మొక్కను తిరిగి తెచ్చుకునే అలవాటు వాళ్లది. నాలుగు డబ్బులు ఆదా అని చేసిన పని. ఆ ఏడాది అక్టోబరులో మొక్కల దిగుమతి నిషేధించారు గానీ అప్పటికే ఆలస్యమైంది. ఎండుతున్న చెట్లను అందరూ ఒక్కసారే కొట్టాల్సి వస్తే రేటు ఏమవుతుందో మీకు చెప్పాలా? లారీలో ఎక్కడి నుంచో వచ్చిన మలబారు వేప మొక్క, ఎర్రచందనం మొక్క చవగ్గా ఇస్తామంటే ఏ నర్సరీది, గింజ ఎక్కడిదని అడిగి తీసుకోండి.

అరకు వైపు కాఫీ రైతులకు మరో కబురు. ఐరోపా సంఘం 2023లో ఒక చట్టం చేసింది. అడవి నరికిన నేలలో పండిన సరుకు కొనబోమని దాని సారాంశం. కలపతో పాటు కాఫీ, కోకో, రబ్బరు, పామాయిలు, సోయా, పశువుల సరుకులు అందులో ఉన్నాయి. పంట ఏ తావులో పండిందో గుర్తు చూపాలి. 4 హెక్టార్ల లోపు తోటకు ఒక్క స్థానబిందువు చాలు. అమలు ఇప్పటికి రెండుసార్లు వాయిదా పడింది గానీ చట్టం అలాగే ఉంది. కోకో వేసిన గోదావరి జిల్లాల వారు కూడా పాసుపుస్తకం, సర్వే నంబరు సరిచూసుకుని పెట్టుకోండి. అప్పటికప్పుడు తిరిగితే పని కాదు.

తాడుతో కొలిచే లెక్క

చివరగా కొలత సంగతి. దుంగ మధ్యలో తాడు చుట్టి, ఆ చుట్టుకొలతను నాలుగో వంతు చేసి, దాన్ని దానితోనే హెచ్చించి, పొడవుతో గుణిస్తే ఘనపుటడుగులు వస్తాయని మన అడితిల్లో కట్టే లెక్క. ఇది ఇంగ్లండులో హాప్పస్ అనే ఆయన 1736లో పుస్తకంగా వేసిన పట్టీ. ఐరోపాలో ఇప్పుడు దుంగ మధ్య వ్యాసం చూసి అసలు ఘనపు మీటర్లు కడతారు. మన దగ్గర ఇంకా హాప్పస్ లెక్కే.

తేడా ఎంతో చూడండి. 10 అడుగుల పొడవు, మధ్యలో 4 అడుగుల చుట్టుకొలత ఉన్న దుంగ తీసుకుందాం. నాలుగో వంతు అంటే 1 అడుగు. ఒకటి ఒకట్ల ఒకటి, పదితో గుణిస్తే 10 ఘనపుటడుగులు. అసలు గుండ్రని లెక్క కడితే 12.7 వస్తుంది. అంటే వందకు ఇరవై ఒకటిన్నర పాళ్ల కర్ర లెక్కలోకి రావడం లేదు. కోతలో, చెక్కుడులో తరుగు పోతుంది కాబట్టి అలా పెట్టారని వ్యాపారి అంటాడు. తరుగు పోయే మాట నిజమే. అయితే ఆ లెక్కతో కొలిచాక మళ్లీ బెరడు పేరున, ముడి పేరున, వంకర పేరున రెండు అంగుళాలు తాడు బిగిస్తే అది రెండోసారి కోత. తాడు మధ్యలోనే చుట్టించండి, సన్న కొస దగ్గర చుట్టనీయకండి. 4 అడుగుల చుట్టుకొలతలో 2 అంగుళాలు తగ్గించి రాస్తే 10 ఘనపుటడుగుల దుంగ 9.2కు దిగుతుంది. కొలతకు వచ్చిన రోజున మీ దగ్గర కూడా ఒక టేపు, ఒక నోటు పుస్తకం ఉంచుకోండి. దుంగ దుంగకూ నంబరు వేసి, పొడవు, చుట్టుకొలత ఆయన రాసుకున్నట్టే మీరూ రాసుకుని, సాయంత్రం రెండు లెక్కలూ పక్కపక్కన పెట్టి చూడండి.